చరిత్ర చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: దించిందా, దింపించిందా?

ముందు పోయిన పాఠం అభ్యాసం చూద్దాం. అమెరికా అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ భార్య అబిగైల్ 1800 నవంబరులో కూతురికి రాసిన ఉత్తరం చదవమన్నాను. వైట్‌హౌస్ ఇంకా పూర్తికాలేదు. పెద్ద హాలులో బట్టలు ఆరేయిస్తున్నానని అందులో రాసిందామె. ఆ ఉత్తరం పదిమంది కోసం రాసింది కాదని ఏ మాటను బట్టి తెలుస్తుంది? ఇదీ ప్రశ్న. ఇదంతా నీలోనే ఉంచుకో, ఎవరైనా అడిగితే చోటు చాలా అందంగా ఉందని అమ్మ రాసిందని చెప్పు, అంటుంది చూడండి, అక్కడ. దాచమని చెప్పిన మాటను చరిత్ర చదివేవాళ్ళు కళ్ళకద్దుకోవాలి.

ఆ బట్టలు ఆరిన హాలు పేరు ఈస్ట్ రూమ్. ఇవాళ ఆ గోడకు జార్జ్ వాషింగ్టన్ నిలువెత్తు చిత్రం ఉంటుంది. గీసింది చిత్రకారుడు గిల్బర్ట్ స్టువార్ట్, ఎత్తు దాదాపు 8 అడుగులు. ఈ పాఠమంతా ఆ బొమ్మ గురించే.

1814 ఆగస్టు 24న బ్రిటిష్ సైన్యం వాషింగ్టన్ నగరంలోకి దిగి వైట్‌హౌస్‌ను తగలబెట్టింది. అంతకు కొన్ని గంటల ముందు అధ్యక్షుడు జేమ్స్ మాడిసన్ భార్య డాలీ ఆ బొమ్మను కత్తితో చట్రంలోంచి కోసి, చుట్టి, చంకన పెట్టుకుని పారిపోయిందని కథ. తరతరాలుగా పిల్లలకు ఇలాగే చెబుతూ వచ్చారు.

ఇలాంటి వాక్యం ఎదురైనప్పుడు మన చేతిలో ఒక మంచి పనిముట్టు ఉంది. మన వ్యాకరణమే ఇచ్చింది దాన్ని: ‘ఇంచు’. చేశాడు, చేయించాడు. కట్టాడు, కట్టించాడు. మాటవరసకు మా నాన్నగారు ఇల్లు కట్టారంటాం కానీ, ఇటుక పేర్చింది మేస్త్రీ, తట్ట మోసింది కూలీ. ఇంట్లో అలా అంటే నష్టం లేదు, వినేవాళ్ళకు సంగతి తెలుసు. రెండువందల ఏళ్ళు గడిచాక మాత్రం ఆ ఒక్క ‘ఇంచు’ రాలిపోయినచోటల్లా కొందరు మనుషులు చరిత్రలోంచి రాలిపోతారు. అందుకే గొప్పవాళ్ళ పేరుతో ఉన్న ప్రతి క్రియకూ ‘ఇంచు’ తగిలించి చూడండి. వాక్యం నిజానికి దగ్గరవుతోందా, దూరమవుతోందా?

ఇప్పుడు సాక్షుల్ని పిలుద్దాం. నోట్‌బుక్‌లో పేజీ మధ్యన నిలువుగా గీత గీయండి.

ఎడమవైపు డాలీ మాట. ఆ రోజు చెల్లెలికి రాసిన ఉత్తరంలో ఇలా ఉంది: బొమ్మను భద్రం చేసేదాకా కదలనన్నందుకు, నన్ను బయల్దేరదీయడానికి వచ్చిన కారల్ గారికి కోపం వచ్చింది, గోడకు మరలతో బిగించి ఉంది, విప్పడానికి వ్యవధి లేదు, చట్రం పగలగొట్టి గుడ్డ బయటికి తీయమని చెప్పాను, అయిపోయింది, న్యూయార్క్ పెద్దమనుషులిద్దరి చేతుల్లో పెట్టాం.

కుడివైపు పాల్ జెన్నింగ్స్ మాట. అప్పటికి అతని వయసు 15. మాడిసన్ల ఇంట్లో బానిస. మధ్యాహ్నం 3 గంటలకు భోజనమని డాలీ చెబితే బల్ల సర్దింది తనేనని రాశాడు. సరిగ్గా అప్పుడే జేమ్స్ స్మిత్ అనే స్వేచ్ఛ పొందిన నల్లజాతి మనిషి టోపీ ఊపుతూ గుర్రం మీద దౌడు తీసుకుంటూ వచ్చి, ఖాళీ చేయండి, ఖాళీ చేయండి అని అరిచాడట. బొమ్మ సంగతికి వస్తే జెన్నింగ్స్ మాట సూటిగా ఉంటుంది. ఆమె కోసి పట్టుకెళ్ళిందన్నది పూర్తిగా అబద్ధం, దానికి నిచ్చెన కావాలి, ఆమెకు అంత వ్యవధి లేదు. దించింది ద్వారపాలకుడైన ఫ్రెంచివాడు జాన్ సూసే, తోటమాలి మెక్‌గ్రా. బండి మీద పంపించేశారు.

తొందరపడి ఒకరిని అబద్ధాలకోరును చేయకండి. ముందు ఒక్కో సాక్ష్యం ఎప్పటిదో చూడాలి. డాలీ ఉత్తరం మీద తేదీ ఆనాటిదే. అయితే మన చేతికి వచ్చింది అసలు ఉత్తరం కాదు, సుమారు ఇరవై ఏళ్ళ తర్వాత ఆమె ఎత్తి రాసి ఇచ్చిన ప్రతి. జెన్నింగ్స్ జ్ఞాపకాలు పుస్తకంగా అచ్చయింది 1865లో, అంటే సంఘటన జరిగిన యాభై ఏళ్ళకు. కాబట్టి తేదీ చూసి ఎవరికీ ఎక్కువ మార్కులు వేయలేం.

తర్వాత, ఎవరికి ఏం కలిసొస్తుందో చూడాలి. ఇక్కడ కాస్త ఆగాలనిపిస్తుంది నాకు. భర్త పోయాక, 1846లో, డాలీ ఈ జెన్నింగ్స్‌ను అమ్మేసింది. మరుసటి ఏడు సెనేటర్ డేనియల్ వెబ్‌స్టర్ అతన్ని 120 డాలర్లకు కొని, నెలకు 8 డాలర్ల చొప్పున పనిచేసి తీర్చుకోమని విడుదల చేశాడు. ఆ రోజుల్లో డాలీ పేదరికంలో ఉంది. జెన్నింగ్స్ ఆమె ఇంటికి సరుకులు మోశాడు, అప్పుడప్పుడూ తన జేబులోంచి కాస్త డబ్బూ ఇచ్చాడు. ఆమె చాలా మంచిదని, నగరంలో తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ అందరూ ఆమెను ప్రేమించారని రాసిన చేత్తోనే బొమ్మ కథ అబద్ధమని రాశాడు. కక్ష ఉన్న సాక్షి ఇలా మాట్లాడడు. నేనైతే ఈ సాక్ష్యాన్ని చాలా బరువుగా తూస్తాను.

ఇప్పుడు రెండు పక్కలూ మళ్ళీ చదవండి. కోశానని డాలీ ఎక్కడా అనలేదు. తీయమని చెప్పానంది. ఆమె చెప్పలేదని జెన్నింగ్సూ అనలేదు. కోసి మోసుకెళ్ళలేదన్నాడు. ఇద్దరి మాటా చాలావరకు కలుస్తోంది. ఇద్దరితోనూ కలవనిది కత్తి కథ ఒక్కటే. డాలీ బొమ్మను దింపించింది, దించింది సూసే, మెక్‌గ్రా. సైన్యం తరుముకొస్తుంటే ఆ పని అయ్యేదాకా కదలనని కూర్చోవడం చిన్న ధైర్యం కాదు. ‘ఇంచు’ చేర్చినందువల్ల ఆమె పరువేమీ తగ్గలేదు, ఇంకో ఇద్దరు మనుషులు గదిలోకి వచ్చారు.

ఇదే పనిముట్టును ఆ ఇంటి గోడల మీద కూడా వాడొచ్చు. 1792లో పునాది వేసిన వైట్‌హౌస్‌ను వాషింగ్టన్ కట్టించాడు (ఆయన అందులో ఒక్కరోజూ కాపురం ఉండలేదు). మరి కట్టిందెవరు? కూలి పట్టీలు మిగిలి ఉన్నాయి. వాటిలో పీటర్, బెన్, హ్యారీ లాంటి బానిస వడ్రంగుల పేర్లు కనిపిస్తాయి. కూలి డబ్బు ముట్టింది మాత్రం యజమానులకు.

అభ్యాసం: బొమ్మను కాపాడింది కారల్ అని కొందరు వాదించినప్పుడు, 1848లో డాలీ మరో ఉత్తరం రాసింది. గోడ మీంచి ఎలా తీయాలో పనివాళ్ళకు చెప్పి, పని పూర్తయ్యేదాకా వాళ్ళ దగ్గరే ఉన్నానని దాని సారాంశం. ఇది మీ పేజీలో గీతకు ఎటువైపు చేరుతుంది? పాత ఉత్తరంలో కనిపించని మనుషులెవరు ఇందులో కొత్తగా కనిపించారు? నాలుగు వాక్యాల్లో రాయండి.

వచ్చే పాఠం 1919లోకి. అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ పక్షవాతంతో మంచాన పడ్డాడు. ప్రభుత్వ వ్యవహారాల్లో నేను ఒక్క నిర్ణయమూ చేయలేదు, ఏది ముఖ్యమో ఏది కాదో మాత్రమే నిర్ణయించానని ఆయన భార్య ఎడిత్ తర్వాత రాసుకుంది. ఈలోగా ఆ వాక్యాన్ని నోట్‌బుక్‌లో ఎక్కించి, రెండు సగాలనూ వేరువేరుగా చదివి ఉంచండి.