ఏప్రిల్‌లో బేస్‌బాల్ చూస్తూ బీపీ పెంచుకోకుండా ఉండాలంటే

మొదటి వారంలో మన టీమ్ నాలుగు ఓడిపోగానే మేనేజర్‌ని పీకేయాలని అరిచే బ్యాచ్‌లో మీరూ ఉన్నారా, నేనూ ఉన్నాను, కాబట్టి సిగ్గుపడక్కర్లేదు. ముందు లెక్క చూడండి. ఐపీఎల్‌లో ఒక్కో జట్టుకి లీగ్ మ్యాచ్‌లు 14, ఇక్కడ, అంటే అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో, 162. అంటే పది ఆటలు పోయినా అక్కడ ఒక్క మ్యాచ్ పోయినంత కూడా కాదు.

నమ్మకం కుదరకపోతే 2019 వాషింగ్టన్ నేషనల్స్‌ని గుర్తు చేసుకోండి. మే నెలలో 19 గెలుపులు, 31 ఓటములతో ఉన్న ఆ జట్టు అక్టోబర్‌లో హ్యూస్టన్‌ని ఏడో ఆటలో ఓడించి ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ ఎత్తుకెళ్లింది. గెలుస్తున్నప్పుడూ ఎగిరిపోకండి. 2023లో టాంపా బే రేస్ వరుసగా 13 గెలిచి మొదలుపెట్టి, ప్లేఆఫ్స్‌లో టెక్సస్ చేతిలో రెండు ఆటల్లోనే ఇంటికెళ్లింది.

మరి ఏప్రిల్‌లో ఏం చూడాలి? బ్యాటింగ్ యావరేజ్ (బ్యాటింగ్‌కి దిగినవాటిలో ఎన్నిసార్లు హిట్ కొట్టాడన్న లెక్క) వదిలేయండి, ఇరవైసార్లు బ్యాటింగ్‌కి దిగేసరికే తారుమారయ్యే అంకె అది, పైగా చలిగాలిలో బంతి దూరం పోదు. పిచ్చర్ (మన బౌలర్ లాంటివాడు) ఫాస్ట్‌బాల్ వేగం నిరుటికంటే తగ్గిందా, ఊరికే వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులేసి బ్యాటర్‌కి మొదటి బేస్ ఉచితంగా ఇచ్చేయడం) ఇస్తున్నాడా అన్నది చూడండి. వేగం నిజంగా పడిపోతే మోచేతికి గాయమైందేమో అని కంగారు పడొచ్చు, అది న్యాయమైన టెన్షనే.

ఇండియా నుంచి చూసేవాళ్లకి ఒక మాట: అమెరికా తూర్పు తీరంలో రాత్రి ఏడు గంటల ఆటంటే మనకి తెల్లవారుజామున నాలుగున్నర. ఏప్రిల్‌లో అలారం పెట్టకండి, ప్లేఆఫ్ బెర్తులు తేలే సెప్టెంబర్‌కి దాచుకోండి.