చదరంగం పాఠాలు – 7: బిషప్ రంగు, మూలగడి రంగు

గత భాగంలో రెండు బిషప్‌లతో (శకట్లతో) ఆట కట్టించడం నేర్చుకున్నాం. ఈసారి మన దగ్గర ఒక బిషప్, ఒక బంటు. ఎదుట ఒంటి రాజు. మామూలుగా ఇది తేలిక గెలుపే. బంటు అంచు వరుసలో, అంటే ఎ లేదా హెచ్ వరుసలో ఉంటే మాత్రం ముందు రంగు చూసుకోవాలి. బంటు మంత్రి కావలసిన మూలగడి ఏ రంగుదో, బిషప్ ఆ రంగు గడుల్లోనే తిరిగేదై ఉండాలి. మీరు ఏ రంగుతో ఆడుతున్నా అవతలి కుడి మూల నల్లగడి, అవతలి ఎడమ మూల తెల్లగడి. ఇది కంఠతా ఉండాలి.

బోర్డు మీద పెట్టి చూడండి. తెల్ల రాజు జి6, బిషప్ ఇ4, బంటు హెచ్5. నల్ల రాజు హెచ్8. ఎత్తు తెల్లది. బిషప్‌ను డి5కు జరిపితే నల్ల రాజుకు చెక్ లేదు, కదిలే గడీ లేదు: స్టేల్‌మేట్, డ్రా. బంటును హెచ్6కు నెడితే రాజు జి8కి వస్తాడు. హెచ్7 చెక్ అంటే తిరిగి హెచ్8కి పోతాడు. ఇప్పుడు బిషప్‌ను ఎక్కడికి కదిపినా స్టేల్‌మేటే. తెల్లగడుల బిషప్‌కు హెచ్8 మీద చెక్ చెప్పే వీలు లేదు కాబట్టి రాజును ఆ మూల నుంచి వెళ్లగొట్టే దారి లేదు.

అదే స్థితిలో బిషప్‌ను నల్లగడి అయిన ఇ3లో పెట్టండి. డి4కు వచ్చి చెక్ చెబితే రాజు జి8కి పోవాలి. తర్వాత హెచ్6. రాజుకు ఎఫ్8 ఒక్కటే దారి. హెచ్7, ఆపైన మంత్రి.

రంగు కలవకపోయినా, రాజు మూలకు చేరకముందే దారి మూసేస్తే గెలవచ్చు. తెల్ల రాజు ఎఫ్6, బిషప్ ఇ6, బంటు హెచ్6, నల్ల రాజు ఎఫ్8 అనుకోండి. జి8ని బిషప్, జి7ని రాజు కాస్తున్నారు. బంటు ఆగదు.

1971లో కెనడాలోని వాంకూవర్‌లో అమెరికా ఆటగాడు బాబీ ఫిషర్‌తో రెండో గేమ్‌లో సోవియట్ గ్రాండ్‌మాస్టర్ మార్క్ తైమనోవ్ ఓడింది ఈ రంగు లెక్క దగ్గరే. ఫిషర్‌కు మిగిలింది తెల్లగడుల బిషప్, హెచ్ బంటు. తైమనోవ్ దగ్గర గుర్రం ఉంది. అవసరమైతే గుర్రాన్ని వదిలేసైనా రాజును హెచ్8 వైపు నడిపిస్తే డ్రా. కానీ 81వ ఎత్తులో ఆయన రాజును ఇ4కు జరిపారు. బంటు ముందుకు సాగింది. అంత పెద్ద ఆటగాడికే తప్పిన లెక్క ఇది, అందుకే దీన్ని చేత్తో ఆడి సాధన చేయాలి.

గెలిచే పక్షం చివరి బంట్లను మార్చుకునే ముందే మూలగడి రంగు చూడాలి. రంగు కలవకపోతే అంచు బంటు కాక ఇంకొక బంటును నిలుపుకోవాలి. ఓడుతున్న పక్షం చేయాల్సింది దీనికి తలకిందులు: పావు ఇచ్చైనా ఆ రెండో బంటును తీసేయాలి.

అభ్యాసం: నల్లకు నల్లగడుల బిషప్, హెచ్3 బంటు, రాజు జి3. తెల్ల రాజు జి1. గెలుపా, డ్రానా? బంటును ఎ3కి, రాజును బి3కి, తెల్ల రాజును బి1కి మార్చి మళ్లీ ఆడండి. జవాబులు 8వ భాగంలో.