స్థలం అమ్ముతున్నారా? బయానా తీసుకోకముందే రెండు లెక్కలు వేయండి

తెనాలి శివార్లలో మా బాబాయికి నాలుగు సెంట్ల స్థలం ఉండేది. 2025 నవంబరులో 24 లక్షలకు బేరం కుదిరాక నాకు ఫోన్ చేశాడు. "అమ్మాయ్, 12 లక్షల దాకా పన్ను లేదంటగా, మనకేం ఇబ్బంది ఉండదుగా?"

నేను పన్ను రిటర్నులు వేసే పనిలో ఉన్నాను. ఈ మధ్య ఈ మాట అడగనివాళ్లు లేరు. ఆ 12 లక్షల రిబేటు జీతం, పెన్షన్, వడ్డీ లాంటి ఆదాయాలకు. స్థలం అమ్మితే వచ్చిన లాభానికి అది వర్తించదు. మిగతా ఆదాయం అసలు పన్నే పడని 4 లక్షల లోపు ఉంటే మాత్రం, ఆ 4 లక్షలకు ఎంత తగ్గిందో అంత ఈ లాభంలోంచి తీసేసుకోవచ్చు.

ముందు పాత దస్తావేజు బయటికి తీయండి. బాబాయి ట్రంకు పెట్టె అడుగున, పాత పంచె ముక్కలో చుట్టి పెట్టాడు. పిన్నులు తుప్పుపట్టి కాగితానికి అంటుకుపోయాయి. అందులో ధర 9,30,000. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు కలిపితే 10 లక్షలు. ఈ ఖర్చులు కలపడం చాలామంది మర్చిపోతారు. ప్రహరీ కట్టినా, మెరక తోలించినా ఆ రసీదులు కూడా వెతకండి.

ఇక లెక్క. 2024 జూలై 23 నుంచి స్థలాలు, ఇళ్ల మీద పన్ను 12.5 శాతం; ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ధరను పెంచి చూపే ఇండెక్సేషన్ తీసేశారు. కానీ ఆ తేదీకి ముందే కొన్నవాళ్లు, ఇండియాలో ఉంటున్నవాళ్లయితే, పాత పద్ధతిలో 20 శాతం లెక్క కూడా వేసుకుని ఏది తక్కువైతే అది కట్టవచ్చు. రెండేళ్లకు మించి చేతిలో ఉన్న ఆస్తికే ఇదంతా.

కొత్త పద్ధతిలో బాబాయి లాభం 14 లక్షలు, పన్ను 1,75,000. పాత పద్ధతికి, ధరల పెరుగుదలను బట్టి ప్రభుత్వం ఏటా ప్రకటించే సూచీ కావాలి: కొన్న 2012-13కి 200, అమ్మిన 2025-26కి 376. 10 లక్షలను 376తో గుణించి 200తో భాగిస్తే 18,80,000. లాభం 5,20,000కి దిగింది, పన్ను 1,04,000. అంటే 71,000 మిగులు. కట్టే పన్ను మీద 4 శాతం సెస్ ఎటూ తప్పదు.

అందరికీ పాతదే లాభం అనుకోకండి. 2005-06లో 4 లక్షలకు కొని 2025-26లో 30 లక్షలకు అమ్మితే, కొత్త పద్ధతిలో 3,25,000, పాతదాంట్లో దాదాపు 3,43,000. ధర బాగా పెరిగిన చోట కొత్తది, నత్తనడకన పెరిగిన చోట పాతది కలిసొస్తుంది. పాత లెక్కలో నష్టం తేలితే పన్ను సున్నా, కానీ ఆ నష్టాన్ని వచ్చే ఏడాదికి తీసుకెళ్లడం కుదరదు.

2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే ఆ తేదీ నాటి విలువనే కొన్న ధరగా తీసుకోవచ్చు, అప్పటి రిజిస్ట్రేషన్ విలువకు మించకుండా.

దస్తావేజులో ధర తక్కువ వేయించమని కొనేవాళ్లు అడుగుతారు. ఒప్పుకోకండి. ప్రభుత్వ విలువ మీరు వేసిన ధర కన్నా 10 శాతానికి మించి ఎక్కువుంటే, ప్రభుత్వ విలువ మీదే పన్ను. బయానా అయినా సరే 20,000 గాని అంతకు మించి గాని నగదుగా తీసుకుంటే, తీసుకున్నంతా జరిమానాగా పోవచ్చు. మొత్తం బ్యాంకు ద్వారానే రానివ్వండి.

పన్ను తగ్గించుకోవాలంటే ఆరు నెలల్లోపు ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ లాంటి ప్రభుత్వ రంగ సంస్థల బాండ్లు కొనవచ్చు. 50 లక్షల దాకా, అయిదేళ్లు కదపకూడదు. బాబాయికి డెబ్బై దాటాయి. డబ్బు చేతికందేలా ఉండాలని పన్నే కట్టమన్నాను.

పక్కనే ఉన్న నాలుగు సెంట్లు డల్లాస్‌లో ఉంటున్న అన్నయ్య పేరున ఉన్నాయి. విదేశాల్లో స్థిరపడ్డవాళ్లకు పాత లెక్క లేదు, 12.5 శాతమే. పైగా ధర 50 లక్షల లోపున్నా కొనేవాళ్లు టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) కోయాలి, అదీ లాభం మీద కాదు, మొత్తం ధర మీద. లాభం మేరకే కోసేలా ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ ముందే తెచ్చుకోవచ్చు. అన్నయ్య చేత దరఖాస్తు పెట్టించాను. అది చేతికొచ్చాకే రిజిస్ట్రేషన్ తేదీ అనుకుందామని కొనేవాళ్లకు బాబాయి చెప్పేశాడు.