హవానా చుట్టకు మార్కులు వేద్దాం – నాలుగో పాఠం: రుచి పట్టడం

కిందటి పాఠంలో ఇచ్చిన హోంవర్క్ చేశారా? కళ్లు మూసుకుని వంటింట్లో ఐదు డబ్బాల వాసన చూసి పేర్లు చెప్పమన్నాను. మొదటిసారి నేను ధనియాల డబ్బాని జీలకర్ర అన్నాను, మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తూనే ఉంది. ఆ సాధన లేకుండా ఈ పాఠంలోకి దిగితే మీ నోట్సులో ‘బాగుంది’, ‘ఘాటుగా ఉంది’ తప్ప మూడో మాట కనిపించదు.

ఈసారి సరుకు మా బావది. ఓడలో పని చేస్తాడు. సెలవుకి పర్లాకిమిడి వస్తూ లిమిటెడ్ ఎడిషన్ హవానా సిగార్లు రెండు తెచ్చాడు. ధర చెప్పబోతుంటే ఆపేశాను. “మార్కులు వేసేదాకా నోరెత్తకు బావా” అన్నాను. ధర చెవిన పడ్డాక నాలుకని నమ్మలేం. సిగార్ చుట్టూ కంపెనీ పేరుతో ఉండే కాగితం పట్టీ కూడా కనబడకుండా తెల్లకాగితం చుట్టేశాం. వెలిగించకముందే పట్టీ ఊడబీకకండి, జిగురు అంటుకుని ఉంటే పై ఆకు చిరిగిపోతుంది.

క్యూబా వాళ్లు ఈ ‘ఎడిసియోన్ లిమిటాడా’ని 2000లో మొదలుపెట్టారు. మామూలు పట్టీతో పాటు నలుపూ బంగారు రంగూ కలిసిన రెండో పట్టీ ఉంటుంది, దాని మీద సంవత్సరం వేస్తారు. మొదట్లో పై ఆకు ఒక్కటే కనీసం రెండేళ్లు మగ్గబెట్టేవారు. 2007 నుంచి లోపలి ఆకులూ, వాటిని పట్టి ఉంచే కట్టు ఆకూ కూడా అంతే. ఆ రెండేళ్ల మగ్గుడు నోటికి తెలుస్తోందా లేదా అన్నదే మన పరీక్ష.

పరీక్షలో మొదట నెగ్గింది మా అమ్మమ్మ. ఒకప్పుడు నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగిన మనిషి. అంగిట్లో తెల్లమచ్చ చూసి డాక్టరు భయపెట్టాక మానేసింది. (అడ్డపొగకీ అంగిలి క్యాన్సర్‌కీ ఉన్న సంబంధం మన శ్రీకాకుళం వైపు డాక్టర్లకి బాగా తెలిసిందే. సిగార్ పొగ మింగకపోయినా నోటికి చేటే. అలవాటు లేనివాళ్లు ఈ పాఠం కోసం మొదలుపెట్టొద్దు, పద్దెనిమిది నిండనివాళ్లు అసలే వద్దు. నిప్పు లేకుండా చేసే సగం పాఠం ఎవరైనా చెయ్యొచ్చు.) వెలిగించని సిగార్‌ని ముక్కు దగ్గర పెట్టుకుని, “ఇది మగ్గినాకురా. కొత్తాకైతే ముక్కు పొడిచేస్తాది” అంది. సరిగ్గా అదే. పొగాకు మగ్గేటప్పుడు అమ్మోనియా బయటికి పోతుంది. సరిగా మగ్గని ఆకులో ఆ వాసన మిగిలిపోయి ముక్కులో గుచ్చుతుంది.

ఇక కొన కత్తిరించండి, రెండు మిల్లీమీటర్లు చాలు. వెలిగించకుండానే ఒక దమ్ము లాగండి. కొబ్బరిబోండాంలో స్ట్రా వేసి పీల్చినంత తేలిగ్గా గాలి రావాలి. చిక్కటి లస్సీ పీలుస్తున్నట్టు దవడలు లోపలికి పోతుంటే చుట్టడం బిగిసిందన్నమాట, అక్కడే మార్కులు కొయ్యండి. ఈ వట్టి గాలిలో కూడా రుచి ఉంటుంది. మాకు ఎండుద్రాక్ష తగిలింది.

వెలిగించాక నిమిషానికి ఒక దమ్ము, అంతకంటే తొందర వద్దు. ఆత్రపడితే ఆకు వేడెక్కి చేదెక్కుతుంది, ఆ తప్పు సిగార్‌ది కాదు. పొగని నోట్లో రెండు మూడు సెకన్లు ఆడించండి. ఊపిరితిత్తుల్లోకి లాగొద్దు. ముప్పాతిక వంతు నోటితో వదిలేసి, మిగిలిన కాస్తా ముక్కులోంచి పంపండి. మొదట్లో కళ్లనీళ్లు వస్తాయి. తీపి, పులుపు, ఉప్పు, చేదు లాంటివి నాలుక చెబుతుంది, మిగతాదంతా ముక్కు చెప్పాల్సిందే.

సిగార్‌ని మూడు భాగాలు అనుకుని, ఒక్కో భాగానికి విడిగా రాయండి. ఇదిగో నా నోట్సు:

మొదటి భాగం – వేయించిన కందిపప్పు, కొంచెం మిరియం. రెండో భాగం – తాటిబెల్లం పాకం, కొత్త కుండలో పోసిన నీళ్లు. ఇక్కడే కమ్మగా ఉంది. మూడో భాగం – మాడిన కాఫీ, వగరు.

ఇంగ్లీషు రివ్యూల్లో దేవదారు, తోలు, కోకో అని రాస్తారు. దేవదారు చెక్క నేను ఎప్పుడూ వాసన చూడలేదు, అలాంటప్పుడు ఎలా రాస్తాను? పలాస జీడిపప్పు కాల్చిన వాసన, ఇప్పపువ్వు, తడిసిన తాటాకు, ఇవి నాకు తెలుసు. వాడుక భాష కోసం పోట్లాడిన గిడుగు రామమూర్తి గారు బడిపంతులుగా పనిచేసిన ఊళ్లో కూర్చుని అరువు మాటలతో రుచి రాయడం నాకు సిగ్గుగా ఉంటుంది.

మార్కులకి నా లెక్క ఇది: రూపానికి 10, పీల్పుకీ మంటకీ (అంటే సమంగా కాలడానికీ) 30, రుచికి 40, రుచి భాగభాగానికీ మారిన తీరుకి 20. రుచికి మేం 33 వేశాం, మారిన తీరుకి 16, రూపానికి 9. మంట దగ్గర దెబ్బ పడింది. సగం దాటాక ఒక పక్క గబగబా కాలిపోయి, రెండో పక్క ఆకు అలాగే నిలబడింది. రెండుసార్లు లైటర్‌తో సరిచేశాం. అందుకని 30కి 18. మొత్తం 76.

కాగితం విప్పి పట్టీ చూపించి, బావ ధర చెప్పాడు. ఇంకో పది మార్కులు కలపమని బతిమాలాడు. నేను కలపలేదు. అయితే ఒక అనుమానం మాత్రం రాసిపెట్టుకున్నాను. సిగార్‌కి గాలిలో తేమ 65–70 శాతం ఉండాలి. శ్రావణ మాసంలో మా ఊళ్లో బీరువాలో వారం రోజులు పడి ఉన్న సిగార్ అది. తేమ తాగిన చోట మంట నత్తనడక నడుస్తుంది. రెండో సిగార్‌ని మూత గట్టిగా పట్టే డబ్బాలో, తేమ కొలిచే చిన్న మీటర్‌తో పాటు పెట్టాను. అయిదో పాఠంలో దాన్ని వెలిగిస్తాం. ఈలోగా మీరూ ఒక డబ్బా, మీటరూ సంపాదించి, రోజూ పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి అంకె రాసి ఉంచండి.