వ్యక్తిగత నాయకత్వం బోధించే మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ కావడం ఎలా?

మాటకారితనం ఉంటే వ్యక్తిగత నాయకత్వం (తనను తాను తెలుసుకుని ప్రవర్తన మార్చుకోవడం) పాఠం చెప్పేయవచ్చని చాలామంది అనుకుంటారు. కానీ బిజినెస్ స్కూల్ ఎంపిక కమిటీ మొదట చూసేది మీ పరిశోధన, బోధన తర్వాత. కాబట్టి మొదలుపెట్టాల్సింది పీహెచ్‌డీతోనే.

1. సరైన విభాగంలో చేరండి

‘వ్యక్తిగత నాయకత్వం’ పేరుతో పీహెచ్‌డీ విభాగం దాదాపు ఎక్కడా ఉండదు. సంస్థల్లో మనుషులు ఎలా ప్రవర్తిస్తారో చదివే ఆర్గనైజేషనల్ బిహేవియర్‌లో చేరాలి. సాధారణంగా 4 నుంచి 6 ఏళ్లు పడుతుంది. మొదటి రెండేళ్లు మనస్తత్వశాస్త్రం, గణాంకాలు, పరిశోధన పద్ధతులు చదవాలి. ఆ తర్వాత సమగ్ర పరీక్ష, ఆపైన థీసిస్.

ఎక్కువమంది తడబడేది అంశం దగ్గరే. ‘మంచి నాయకుడంటే ఎవరు?’ అన్న ప్రశ్నతో థీసిస్ తేలదు. ‘కొత్తగా మేనేజర్లయినవాళ్లు తమపై వచ్చిన విమర్శను తర్వాతి నెలలో ఎలా వాడుకుంటారు?’ అన్నది కొలవగలిగిన ప్రశ్న.

2. పేపర్లు, ఇంటర్వ్యూ

పేరున్న జర్నళ్లు పదింట తొమ్మిది పేపర్లకు పైగా తిప్పి పంపేస్తాయి. అందుకే ఒక్క పేపర్ మీదే ఆశ పెట్టుకోకుండా, ఒకటి సమీక్షలో ఉండగానే ఇంకోటి రాస్తూ ఉండాలి. ఇంటర్వ్యూలో అసలు పరీక్ష జాబ్ టాక్. గంట నుంచి గంటన్నర వరకు మీ పరిశోధన చెప్పాలి, మధ్యమధ్యలో ప్రశ్నలు పడతాయి. అక్కడ ప్రేరణాత్మక ప్రసంగం చేస్తే అవకాశం చేజారినట్టే.

3. కోర్సు తయారుచేయండి

ఈ వృత్తికి ప్రాణం ఇదే. విద్యార్థి తనను తాను ఎలా చూసుకుంటున్నాడో, ఇతరులకు ఎలా కనిపిస్తున్నాడో పక్కపక్కన పెట్టడం మొదటి పని. జోసెఫ్ లుఫ్ట్, హారింగ్టన్ ఇంగమ్ 1955లో రూపొందించిన జొహారీ విండో (మన గురించి మనకూ ఇతరులకూ ఏం తెలుసో, ఏం తెలియదో నాలుగు గళ్లలో చూపే పట్టిక) ఇందుకు ఇప్పటికీ పనికొస్తుంది. (ఆ పేరు వాళ్లిద్దరి పేర్ల ముద్దు రూపాలు జో, హ్యారీ కలిపి పెట్టిందే.) మనుషుల్ని రకాలుగా విడగొట్టే పరీక్షల జోలికి మాత్రం పోకండి. కొన్ని వారాలకు మళ్లీ రాస్తే చాలామందికి వేరే రకం వస్తుంది.

360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్ (ఒకరి గురించి చుట్టూ పనిచేసే అందరి అభిప్రాయాలు సేకరించడం) పెట్టేటప్పుడు సహోద్యోగులు, కింద పనిచేసేవాళ్లు వంటి ప్రతి వర్గం నుంచీ కనీసం ముగ్గురి జవాబులు ఉండాలి. తక్కువైతే ఎవరేం రాశారో తెలిసిపోతుంది, విద్యార్థి మార్పు మాట మరిచి రాసినవాళ్ల కోసం వెతుకుతాడు. రిపోర్టు చేతికిచ్చి పంపేయకండి. ఫీడ్‌బ్యాక్ మీద జరిగిన అధ్యయనాలను అవ్రహాం క్లూగర్, ఏంజెలో డెనిసి 1996లో సమీక్షించారు. మూడోవంతుకు పైగా సందర్భాల్లో దానివల్ల పనితీరు తగ్గిందని తేలింది. దృష్టి పని మీద నుంచి ‘నేను’ మీదకు మళ్లడమే కారణమని వాళ్ల వివరణ.

అందుకని రిపోర్టు ఇచ్చిన రోజే ఒక్క ప్రవర్తన ఎంచుకుని, ‘అలా జరిగితే ఇలా చేస్తాను’ అన్న పద్ధతిలో ఒక వాక్యం రాయించండి. ‘ఇకపై బాగా వింటాను’ అని రాస్తే వెనక్కివ్వండి. ‘మీటింగులో ఎవరైనా నాతో విభేదిస్తే, జవాబిచ్చే ముందు వాళ్ల మాటను ఒక్క వాక్యంలో తిరిగి చెబుతాను’ అని రాస్తే తీసుకోండి. నాలుగు వారాల పాటు, వారానికి రెండుసార్లు ఎప్పుడు చేశారో, ఏమైందో డైరీలో రాయించండి.

మార్కులు ఆ వివరాల స్పష్టతకే ఇవ్వాలి. మనసు విప్పి రాసినందుకు మార్కులిస్తే విద్యార్థులు కన్నీటి కథలు అల్లడం నేర్చుకుంటారు. సొంత విషయాలు చెప్పమని ఎవరినీ బలవంతం చేయకూడదు. ఎవరైనా తీవ్రమైన బాధలో ఉన్నట్టు కనిపిస్తే కౌన్సెలర్ దగ్గరికి పంపండి, మీరే చికిత్సకు దిగకండి.

4. ఉద్యోగం నిలబెట్టుకోండి

టెన్యూర్ (శాశ్వత ఉద్యోగ భద్రత) ఉన్నచోట సుమారు ఆరేళ్లకు మీ పనిని తూకం వేస్తారు. ఈ కోర్సులో విద్యార్థులతో విడివిడిగా మాట్లాడటానికే బోలెడంత సమయం పోతుంది. కాబట్టి పరిశోధనకు వారంలో రెండు పూటలు ముందే పక్కన పెట్టి, వాటిని ఎవరికీ ఇవ్వకండి.

పరిశ్రమలో ఏళ్ల తరబడి పెద్ద బాధ్యతల్లో పనిచేసినవాళ్లకు ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అనే దారి కూడా ఉంది. పీహెచ్‌డీ లేకపోయినా చాలాచోట్ల తీసుకుంటారు. టెన్యూర్ మాత్రం సాధారణంగా ఉండదు, కాంట్రాక్టు మీదే నియమిస్తారు.