ప్రోగ్రాం పోయినా మెమరీ పోదు

హన్మకొండలో మా రూములో ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్లు చాలామంది ఇక్కడే తడబడతారు. లినక్స్‌లో ఎస్‌హెచ్‌ఎంగెట్ (shmget) అనే ఫంక్షన్‌తో షేర్డ్ మెమరీ (ఒకటికి మించి ప్రాసెస్‌లు, అంటే నడుస్తున్న ప్రోగ్రాంలు, కలిసి వాడుకునే మెమరీ) తీసుకుంటారు, ప్రోగ్రాం మధ్యలో క్రాష్ అవుతుంది, మళ్లీ నడిపితే పాత విలువలే కనిపిస్తాయి. కోడ్‌లో తప్పుందని రాత్రంతా టెన్షన్!

తప్పు అక్కడ లేదు. మాలాక్ (malloc) ఫంక్షన్‌తో తీసుకున్న మామూలు మెమరీ ప్రాసెస్‌తోపాటే పోతుంది, షేర్డ్ మెమరీ పోదు. అద్దెకున్నవాళ్లు వెళ్లిపోయినా గదికి తాళం అలాగే ఉన్నట్టు, మనం తీసేదాకా లేదా సిస్టం రీబూట్ అయ్యేదాకా కెర్నల్ (మెమరీని చూసుకునే ఆపరేటింగ్ సిస్టం మూల భాగం) దాన్ని అట్టే ఉంచుతుంది.

టెర్మినల్‌లో 'ఐపీసీఎస్ మైనస్ ఎం' (ipcs -m) కొట్టండి, షేర్డ్ మెమరీ ముక్కల జాబితా వస్తుంది. ఎన్‌అటాచ్ (nattch) అనే కాలమ్‌లో 0 ఉంటే ఆ ముక్కను ఇప్పుడెవరూ వాడట్లేదు. అది మీదేనని ఓనర్ పేరు చూసుకుని (ల్యాబ్ సర్వర్‌లో పక్కవాడిది పీకేస్తే గొడవే) 'ఐపీసీఆర్‌ఎం మైనస్ ఎం' (ipcrm -m) పక్కన దాని ఐడీ ఇవ్వండి, పోతుంది.

అసలు ఈ తిప్పలే వద్దంటే, దాన్ని వాడే రెండు ప్రాసెస్‌లూ అటాచ్ అయిన (మెమరీని తమకు కలుపుకున్న) వెంటనే ఎస్‌హెచ్‌ఎంసీటీఎల్ (shmctl) ఫంక్షన్‌లో ఐపీసీ ఆర్‌ఎంఐడీ (IPC_RMID, అంటే 'తీసేయి' అనే ఆదేశం) ఇచ్చేయండి. అప్పటికప్పుడు ఏమీ చెరగదు. ఆఖరి ప్రాసెస్ విడిచిపెట్టాకే, అది క్రాష్ అయినా సరే, కెర్నల్ తీసేస్తుంది.