మీ జిప్‌కోడ్‌కి పార్సిళ్లు లేటా? ఇలా చెక్ చేసుకోండి

అమెరికాలో అమెజాన్ ప్రైమ్ మెంబర్‌షిప్‌కి ఏడాదికి 139 డాలర్లు కట్టే ముందు, మీ ఇంటికి నిజంగా ఎన్ని రోజుల్లో వస్తుందో చూసుకోండి. వాషింగ్టన్ డీసీలో 20019, 20020 జిప్‌కోడ్‌ల సంగతి తెలిస్తే ఎందుకు చెప్తున్నానో అర్థమవుతుంది. ఎక్కువగా నల్లజాతి వాళ్లుండే పేటలవి. 2022లో అమెజాన్ అక్కడికి సొంత వ్యాన్లు ఆపేసి పార్సిళ్లను యూపీఎస్ కొరియర్, పోస్టల్ సర్వీస్ మీద వదిలేసిందని, డబ్బులు మాత్రం అందరి దగ్గరా ఒకేలా తీసుకుందని 2024 డిసెంబర్‌లో అక్కడి అటార్నీ జనరల్ కేసు వేశారు. డ్రైవర్ల భద్రత కోసమేనని కంపెనీ వాదన. ఆ భయం అబద్ధమని నేననను, కానీ ఆ ముక్క డబ్బు తీసుకునేముందే చెప్పాలి కదా!

చెక్ చేయడం ఈజీ. యాప్‌లో ఛార్జరో, డైపర్ల ప్యాకెట్టో ఏదో ఒక మామూలు వస్తువు తీసి, పైన మీ జిప్‌కోడ్ పెట్టి డెలివరీ తేదీ చూడండి, తర్వాత అదే ఊళ్లో ఖరీదైన ఏరియా జిప్‌కోడ్ పెట్టి మళ్లీ చూడండి. రెండూ స్క్రీన్‌షాట్ తీయండి. ఒక్కసారి తేడా వస్తే స్టాక్ వల్ల కూడా కావచ్చు, అందుకే నాలుగైదు వస్తువులకి, వేర్వేరు రోజుల్లో చూడాలి.

తేడా ఖాయమైతే కస్టమర్ కేర్‌ని చాట్‌లోనే అడగండి, ఫోన్‌లో అయితే రుజువు మిగలదు. డెలివరీ చేసే అతని మీద అరవకండి, రూటు గీసింది అతను కాదు. జవాబు రాకపోతే స్క్రీన్‌షాట్లతో మీ రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసుకి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టండి. ఈలోగా అర్జెంటు సామాన్లకి లాకర్ పికప్ (అమెజాన్ లాకర్ పెట్టె దగ్గరికెళ్లి మనమే తెచ్చుకోవడం) వాడండి, గుమ్మం ముందు దొంగతనాల టెన్షన్ కూడా ఉండదు.